ఆరు కింద గీత

మా నాన్న అంకెలు వేసే మనిషి. స్కూలు బెంచీల మీద, బస్సు సీట్ల వెనక, ఆసుపత్రి మంచాల మీద, ఆటగాళ్ళ చొక్కాల మీద, ఎక్కడ నంబరు కావాలన్నా మా ఊళ్ళో ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆయనకొక పట్టింపు ఉంది. ఆరు వేసినా తొమ్మిది వేసినా కింద చిన్న గీత ఉండి తీరాలి. బెంచీ తిరగబడినా, చొక్కా తలకిందులుగా ఆరేసినా ఏది ఆరో ఏది తొమ్మిదో చూసీ చూడగానే తెలియాలి. "గీత లేని ఆరు అంకె కాదమ్మా, పొడుపుకథ" అనేవాడు.

ఆ గీత నా చేతికి కూడా అంటుకుంది. లెక్కల పరీక్షలో ప్రతి ఆరుకూ, ప్రతి తొమ్మిదికీ గీసేదాన్ని. "ఏమే, ప్రతి దాని కిందా ఆ చాప ఎందుకు? అంకెలు పడుకుంటాయా?" అని మాస్టారు అడిగితే క్లాసు క్లాసంతా నవ్వింది. నేను తల దించుకున్నాను గానీ గీయడం మానలేదు.

తర్వాత ఆడవాళ్ళ ఫుట్‌బాల్ జట్టు కిట్ రూమ్‌లో నాకు పని దొరికింది. దేశం తరఫున ఆడే జట్టు. చొక్కాలు ఉతకడం, ఆరేయడం, ఇస్త్రీ చేయడం, ప్రెస్ మిషను మీద నంబర్లు అతికించడం నా పని. మా చొక్కాల మీద పేర్లుండవు, నంబర్లే. అందుకని అక్కడ అందరూ నంబర్లతోనే పిలుచుకుంటారు. నేను చిన్నదాన్ని కాబట్టి ఆరక్క, తొమ్మిదక్క అనేదాన్ని. నన్ను మొదట్లో ఇస్త్రీ అమ్మాయి అన్నారు. వారం తిరిగేసరికి అమ్మాయి ఊడిపోయి ఇస్త్రీ మిగిలింది.

ఆ ఏడు మా జట్టు మొదటిసారి ఒక పెద్ద అంతర్జాతీయ టోర్నమెంటుకు ఎంపికైంది. మ్యాచులు మొదలయ్యే ముందు రోజు టోర్నమెంటు అధికారి ఒకాయన చొక్కాలు తనిఖీ చేయడానికి వచ్చాడు. చేతిలో స్కేలు. అంకె పొడవు, వెడల్పు, మెడ నుంచి ఎంత దూరం, అన్నీ కొలిచాడు. ఆరో నంబరు చొక్కా దగ్గర ఆగాడు.

"ఇదేంటి?"

"గీతండీ."

"గీతని కనిపిస్తూనే ఉందమ్మా. ఎందుకని?"

చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. విని, రూల్సు పుస్తకం తెరిచి ఒక వాక్యం మీద వేలు పెట్టి చూపించాడు. వీపు మీద అంకె తప్ప ఇంకే గుర్తూ ఉండకూడదు.

"బెంచీలు తిరగబడతాయేమో గానీ మనుషులు తలకిందులుగా పరిగెత్తరు కదా" అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఆరు, తొమ్మిది, పదహారు, పంతొమ్మిది. ఒక్కొక్కరికి రెండేసి చొక్కాలు. ఎనిమిది గీతలు వేడి చేసి, మొన తేలిన పట్టకారుతో ఊడబెరికాను. నాన్నకు ఫోన్‌లో చెప్పాను. "పెద్దవాళ్ళు, వాళ్ళకు తెలియదా" అన్నాడు. "నువ్వు మాత్రం రెండుసార్లు చూసుకో."

తొమ్మిదక్క గురించి చెప్పాలి. మా జట్టులో గోల్స్ కొట్టేది ఆమే. ముప్పై మూడేళ్ళు. వీపు మధ్య దాకా జడ. ఆ జడ అంకెను కప్పేస్తోందని ఆమె నంబరు మిగతావాళ్ళ కంటే రెండు వేళ్ళు కిందికి అతికించేదాన్ని. అందరికీ మెడ నుంచి నాలుగు వేళ్ళు, ఆమెకు ఆరు. ఆ సంగతి నాకూ ఆమెకూ తప్ప ఎవరికీ పట్టలేదు. స్కేలాయన కొలతల్లో కూడా అది ఇమిడిపోయింది.

ఆ టోర్నమెంటులో ఒక్క మనిషి కొట్టిన గోల్స్‌లో రికార్డు పదకొండు. ఇరవై ఏళ్ళుగా అలాగే ఉంది. సెమీఫైనల్ నాటికి తొమ్మిదక్క పది కొట్టింది. "నా మోకాలికి ఈ టోర్నమెంటు దాకానే టికెట్టు. ఆ తర్వాత స్టేషన్ లేదు" అనేది కట్టు కట్టించుకుంటూ. నవ్వుతూనే అనేది గానీ, డాక్టరమ్మ నవ్వేది కాదు.

సెమీఫైనల్ రోజు ఆట మొదలవకముందే వాన. విరామానికి అందరూ తడిసి ముద్దై వచ్చారు. బురద చొక్కాలు టబ్బులో పడేసి రెండో జత వేసుకున్నారు. ఇక నా దగ్గర మిగిలింది నంబరు లేని ఖాళీ చొక్కాలు నాలుగు, అంకెల పాకెట్లు, ప్రెస్ మిషను. మామూలుగా అంకెలన్నీ క్యాంపులోనే అతికించుకుని వస్తాం. స్టేడియంలో మిషను అవసరం ఎన్నడూ రాలేదు. ఆ గదిలో ప్లగ్గు గోడ చివర ఉంది. వైరు అందక మిషనును తిప్పి పెట్టాల్సి వచ్చింది.

డెబ్బయ్యో నిమిషంలో తొమ్మిదక్క గోల్ కొట్టింది. రెండు–ఒకటి. పదకొండో గోల్. రికార్డు సమానం. గదుల నుంచి మైదానంలోకి వెళ్ళే సొరంగం లాంటి దారి చివర నిలబడి నేనూ ఎగిరాను. ఇంకొక్కటి పడితే ఆ రికార్డు ఆమె ఒక్కదానిదే.

డెబ్బై ఎనిమిదో నిమిషంలో ఆరక్క తల, ఎదుటి జట్టు అమ్మాయి తల కొట్టుకున్నాయి. ఆరక్క మా డిఫెండరు, ఇరవై రెండేళ్ళది, భయమంటే ఏమిటో తెలియని పిల్ల. కనుబొమ్మ చీలింది. రక్తం చొక్కా నిండా. రక్తం మరకతో ఆడనివ్వరు.

"ఇస్త్రీ! చొక్కా!" కోచ్ మేడమ్ కేక.

ఖాళీ చొక్కా తీసి మిషను మీద పరిచాను. పాకెట్ చింపాను. ఆరుకూ తొమ్మిదికీ పాకెట్ ఒకటే. ఒకే అచ్చు, ఎటు తిప్పుకుంటే అటు.

"ఎంతసేపే? అక్కడ పది మందే ఆడుతున్నారు!"

"ఒక్క నిమిషం మేడమ్."

"నిమిషంలో గోల్ పడిపోతుంది తల్లీ!"

పక్క బల్ల మీద ఆరక్కకు డాక్టరమ్మ కుట్లు వేస్తోంది. "మత్తు వద్దు, కుట్టెయ్యండి. గోనెసంచి అనుకోండి" అంటోంది ఆరక్క. నేను మిషను మూత దించాను. లెక్కపెట్టాను. తీశాను. నా ఎదురుగా ఆరు ఆరుగానే కనిపించింది. వేడి తగ్గకముందే ఆమె తల మీంచి తొడిగాను. "అబ్బా, వీపు కాలింది" అంటూనే పరిగెత్తింది. మైదానం అంచున ఆటగాళ్ళ రాకపోకలు చూసే నాలుగో రిఫరీ ముందువైపు రక్తం ఉందా అని చూసి పొమ్మంది.

నేను రక్తం చొక్కా చన్నీళ్ళలో నానబెడుతూ ఉండిపోయాను. పైన ఏదో అరుపు వినిపించింది. పట్టించుకోలేదు. తర్వాత చివరి విజిల్. మేం ఫైనల్‌కు వెళ్ళాం.

మర్నాడు పొద్దున అందరూ తినే బల్లల దగ్గర మేనేజర్ గారు చేతిలో కాగితంతో నిలబడ్డారు. ఆయన గొంతు ఎప్పుడూ పెద్దగా రాదు. రెండుసార్లు గొంతు సవరించుకుని చదివారు. ఎనభై నాలుగో నిమిషం. తొమ్మిదో నంబరు. ఎల్లో కార్డు. టోర్నమెంటులో ఇది రెండోది. కాబట్టి ఫైనల్ ఆడటానికి వీల్లేదు.

తొమ్మిదక్క చేతిలోని గ్లాసు కింద పెట్టింది. "నాకా? నాకెప్పుడు చూపించారు?"

"ఎనభై నాలుగు అంటున్నారు."

"నేనప్పుడు అవతలి చివర ఉన్నాను సార్. ఫౌల్ ఇవతల. కార్డు చూపించడం దూరం నుంచి చూశాను. ఎవరికో అనుకున్నా!"

ఒక్కసారిగా గొడవ. "ఆ రిఫరీకి కళ్ళజోడు కొని పంపిద్దాం" అంది గోల్‌కీపరు. "ఒకటి చాలదు, రెండు" అంది ఇంకెవరో. అప్పటికే టీవీలో అదే గోల. పొరబాటా, పక్షపాతమా అని నలుగురు కూర్చుని అరుచుకుంటున్నారు. గేటు బయట జనం రిఫరీ బొమ్మ పట్టుకుని తిట్లు మొదలుపెట్టారు. మేనేజర్ గారు పొద్దున్నే అప్పీలు పెట్టేశానన్నారు. మధ్యాహ్నం రెండింటికి విచారణ.

ఆ హడావిడిలో ఆరక్క ఒక్కతే తల ఎత్తలేదు. కనుబొమ్మ మీది ప్లాస్టరు నొక్కుకుంటూ కూర్చుంది.

నేను టబ్బు తీసుకుని మేడ మీదికి వెళ్ళాను. చొక్కాలు నంబరు వరసలో ఆరేయడం నా అలవాటు. ఒకటో నంబరువి రెండు, రెండోవి రెండు, మూడోవి రెండు. ఆరు దగ్గరికి వచ్చేసరికి మూడు ఉండాలి. మొదటి సగంది, రక్తంది, నేను కొత్తగా అతికించింది. రెండే ఉన్నాయి. కింద పడిందేమోనని మెట్లదాకా వెతికాను. లేదు. సరే, చివర్లో చూద్దామని మిగతావి ఆరేస్తూ పోయాను. తొమ్మిది. తొమ్మిది. తొమ్మిది.

మూడు తొమ్మిదులు.

మూడో దాని మెడ దగ్గర వేళ్ళు పెట్టి కొలిచాను. నాలుగు వేళ్ళు. తొమ్మిదక్కది కాదు.

అప్పుడు గుర్తొచ్చింది. ప్లగ్గు. తిప్పి పెట్టిన మిషను. ఎప్పుడూ చొక్కా అడుగు అంచు వైపు నిలబడే నేను ఆ రోజు మెడ వైపు నిలబడ్డాను. నాకు ఆరుగా కనిపించింది చొక్కాకు తొమ్మిది. గీతను ఎప్పుడూ అడుగు అంచు వైపే పెట్టేదాన్ని, అది ఉండుంటే ఆ రోజు నాకు అంకె నెత్తిన కనిపించేది. ఎంత తొందరలో ఉన్నా నా చేయి ఆగేది.

ఆ చొక్కా తడిగానే చంకలో పెట్టుకుని మేనేజర్ గారి గదికి వెళ్ళాను.

ఆయన కాగితాలు సర్దుకుంటున్నారు. నేను చెప్పాను. ఆయన కాగితాలు పక్కన పెట్టి విన్నారు. చెప్పడం అయిపోయాక లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టారు.

"ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలియదండీ. ఇది చూపిస్తే సరిపోతుంది కదా సార్? కార్డు ఆరక్కదని, నా తప్పేనని..."

"కూర్చో."

కూర్చోలేదు. ఆయన రూల్సు పుస్తకం తెరిచారు. స్కేలాయన దగ్గర చూసిందే, అదే అట్ట. జట్టు జాబితాలో తన పేరుకెదురుగా ఉన్న నంబరుతో కాకుండా వేరే నంబరుతో మైదానంలోకి దిగిన మనిషి అర్హత లేని ఆటగాడి కింద లెక్క. అలాంటి మనిషిని ఆడించిన జట్టు ఆ మ్యాచ్ మూడు–సున్నాతో ఓడినట్టు.

"అర్థమైందా?"

"పది నిమిషాలేగా సార్."

"ఒక్క నిమిషమైనా అంతే. ఈ చొక్కా బయటికొస్తే తొమ్మిది ఒక్కతే కాదు, మనం ఎవ్వరం ఫైనల్లో ఉండం. ఇరవై మూడు మందిమి ఇంటికి."

"మరి అప్పీలు?"

"అది పెట్టేశాను. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే ఎందుకు తీసుకున్నారని అడుగుతారు. వెళ్తాను. వానలో వీడియో సరిగ్గా కనిపించకపోతే మన అదృష్టం. రిఫరీ పొరబడిందంటాను."

"ఆవిడ పొరబడలేదు కదండీ. ఉన్నదే రాసింది."

ఆయన పెన్ను మూత తీశారు, పెట్టారు. "నువ్వు ఇంత మాట్లాడతావని నాకు తెలీదు" అన్నారు. కోపంగా అనలేదు. అలసిపోయి అన్నారు. "వెళ్ళి దాన్ని ఊడబెరికి ఆరు చెయ్. ఇప్పుడే."

కిట్ రూమ్‌కు వచ్చి మిషను ప్లగ్గు పెట్టాను. వేడెక్కింది. చొక్కా పరిచాను. చేయి రాలేదు. మిషను ఆపేశాను. అలా మూడుసార్లు.

పన్నెండింటికి ఆరక్క వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి, "ఇస్త్రీ, నిన్న నాకు తొడిగింది ఒకసారి చూపించవే" అంది.

చూపించాను. వీపు వైపు తిప్పి చూసుకుని, "చచ్చాం" అంది మెల్లగా. "కార్డు నా మొహానికే చూపించింది ఆవిడ. పొద్దున మేనేజర్ గారు తొమ్మిది అని చదివినప్పుడు నోరు పెగల్లేదే నాకు. నాకూ ఒకటి ఉంది ముందే. సరిగ్గా రాసుంటే కూర్చోవలసింది నేను."

"మేనేజర్ గారికి చెప్పాను అక్కా. చెప్పొద్దన్నారు. మ్యాచే పోతుందట."

"మరి నేను వెళ్ళి ఫౌల్ చేసింది నేనే అంటే? చొక్కా సంగతి ఎత్తకుండా?"

"వీపు మీద తొమ్మిది ఎందుకుందని అడగరా?"

ఆరక్క గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. "ఎటు తిరిగినా తొమ్మిదే" అని నవ్వబోయి ఏడ్చింది. ప్లాస్టరు తడవకుండా కన్ను ఒక చేత్తో మూసుకుని ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను.

మూడింటికి మేనేజర్ గారు ఫోన్ చేశారు. వీడియో వేశారట. ఆ ఫౌల్ దొరికింది ఒక్క కెమెరాకే, మైదానం అవతలి దానికి. మొహం కనపడలేదు, వాన. నిక్కరు మీది నంబరును బురద కప్పేసింది. వీపు మాత్రం ఒక్క క్షణం స్పష్టంగా కనిపించిందట. తొమ్మిది. ఇద్దరు తొమ్మిదులు ఒకేసారి కనిపించిన బొమ్మ ఒక్కటీ లేదు. రిఫరీని కూడా పిలిచారట. పొడుగ్గా ఉంటుంది ఆవిడ, నెమ్మదైన మనిషి. "నేను చూసిందే రాశాను" అని ఒక్క మాట చెప్పి కూర్చుందట. అప్పీలు కొట్టేశారు. గొడవ పెరుగుతోందని, ఫైనల్‌కు నాలుగో రిఫరీగా వేసిన ఆవిడ పేరు కూడా తీసేశారు.

"కొత్త సాక్ష్యం ఏదైనా ఉంటే నాలుగింటి లోపు ఇవ్వమన్నారు. ఆ తర్వాత వినరు" అన్నారు మేనేజర్ గారు. తర్వాత "ఆరు చేశావా?" అని అడిగారు.

"చేస్తున్నానండీ" అన్నాను.

మూడున్నరకు తొమ్మిదక్క వచ్చింది. అప్పీలు కొట్టేశారని అప్పటికే అందరికీ తెలిసిపోయింది. ఆమె జడ విప్పుకుని ఉంది. అలా ఎప్పుడూ చూడలేదు నేను.

"నా ఫైనల్ చొక్కా ఇవ్వవే. వేసుకోకపోయినా దగ్గర పెట్టుకుంటాను."

ఇస్త్రీ చేసి మడత పెట్టిన చొక్కాల్లోంచి తీయబోయాను. ఆమె చూపు అప్పటికే మిషను మీద ఉంది. అక్కడ పరిచి ఉన్న తొమ్మిదిని చేతిలోకి తీసుకుంది.

"ఇదేనా?"

నేను కాదనేలోపే భుజాల మీద వేసుకుని, చేయి వెనక్కి పెట్టి అంకెను తడిమింది. అద్దంలో చూసుకునే అవసరం ఆమెకు లేదు. పదిహేనేళ్ళుగా వీపు మీద మోసిన అంకె.

"పైకి ఉంది" అంది. "ఇది నాది కాదు."

నేను ఆమె మడత చొక్కా తీసి బల్ల మీద పెట్టాను.

"ఎవరిదే ఇది?"

"ఆరక్కది."

చొక్కా ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. అంకెను ఒకసారి తిప్పి చూసింది. మళ్ళీ తిప్పింది. మైదానంలో బంతి ఎటు పడుతుందో అందరికంటే ముందు కనిపెట్టే మనిషి ఆమె. అడగాల్సింది ఎక్కువ లేకపోయింది.

"మేనేజర్ గారికి తెలుసా?"

"తెలుసు."

"ఆరుకు?"

"మధ్యాహ్నం తెలిసింది."

"అయితే నేనే ఆఖరన్నమాట. నా కార్డు గురించి నాకే ఆఖర్న తెలిసింది." నా వైపు చూసింది. "నువ్వెప్పుడూ గీత పెడతావు కదే. ఏమైంది?"

"తీసేయమన్నారు అక్కా. రూలు కాదట."

"రూలు" అంది.

తర్వాత నేను రూల్సు పుస్తకంలో ఉన్నది చెప్పాను. మూడు–సున్నా. ఆమె వింటూ గోడ గడియారం వైపు చూసింది. నాలుగుకు ఇంకా ఇరవై నిమిషాలు. టోర్నమెంటు ఆఫీసు వీధి చివరే. నడిస్తే ఏడు నిమిషాలు, ఆమె పరుగుకు రెండు. ఆ చొక్కా పట్టుకుని వెళ్ళే హక్కు ఎవరికైనా ఉంటే ఆమెకే ఉంది. నేను తలుపు ముందు నుంచి పక్కకు జరిగాను. అంతకు మించి నేను చేయగలిగింది లేదు. వెళ్ళమని అనలేను. వద్దని అంతకంటే అనలేను.

నాలుగుకు పది. మెట్ల మీద ఎవరో నవ్వుతూ దిగిపోయారు. ఆవరణలో మిగతా వాళ్ళు బంతితో ఆడుతున్న చప్పుడు. కోచ్ మేడమ్ ఎవరినో తిడుతోంది, "కాళ్ళున్నాయా, అద్దెకు తెచ్చుకున్నావా?" అని. తొమ్మిదక్క పెదాలు కాస్త కదిలాయి. ఆ మాట మొదట పడింది ఆమెకే, పదిహేనేళ్ళ కిందట.

నాలుగుకు ఐదు. ఆమె లేచింది. కిటికీ దాకా వెళ్ళి ఆవరణలోకి చూసి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

నాలుగు దాటింది. రెండు నిమిషాలు దాటింది. అయినా ఇద్దరం గడియారాన్నే చూస్తున్నాం.

"ఇస్త్రీ."

"అక్కా."

"మిషను వేడెక్కించు" అని చొక్కా నా చేతికిచ్చింది.

వేడి చేసి పట్టకారుతో ఒక మూల లేపాను. తొమ్మిది మెల్లగా ఊడి వచ్చింది. ఆమె చూస్తుండగానే పాకెట్ చింపి ఇంకో అంకె తీశాను. మెడ ఎటుందో రెండుసార్లు చూసుకున్నాను. ఆరు అతికించాను. రబ్బరు అంకె ఒకసారి ఊడిన చోట బట్ట కాస్త నిగనిగలాడుతుంది, ఎంత ఉతికినా పోదు. ఆరు పక్కన, ఆరు కప్పని చోట, తొమ్మిది తోక లీలగా మిగిలిపోయింది. వెలుతురుకు పట్టుకుని చూస్తే గానీ తెలియదు. మేమిద్దరం వెలుతురుకు పట్టుకుని చూశాం.

ఫైనల్ రోజు వాన లేదు. ఆడే అర్హత లేనివాళ్ళు ప్రేక్షకుల్లో కూర్చోవాలి, కింది గదుల్లోకి రాకూడదు. కానీ ఆట మొదలైన పావుగంటకు తొమ్మిదక్క నా గది తలుపు తోసుకుని వచ్చింది.

"పైన ప్రతి రెండు నిమిషాలకూ కెమెరా నా మొహం మీదికే వస్తోంది. ఏడుస్తానేమోనని కాచుక్కూర్చున్నారు" అంది. "వాకిట్లో కాపలా ఆయన నన్ను చూసి అటు తిరిగి నిలబడ్డాడు, పాపం."

ఆ గదికి కిటికీ లేదు. నెత్తి మీద మెట్ల వరసలు, వాటి మీద వేల మంది. ఆటంతా మాకు చప్పుడుగానే అందింది. మన జనం అరుపు కుడి నుంచి, వాళ్ళ జనం అరుపు ఎడమ నుంచి. అరవయ్యో నిమిషం చుట్టుపక్కల ఎడమ వైపు కప్పు దద్దరిల్లింది. తొమ్మిదక్క కళ్ళు మూసుకుంది. "సున్నా–ఒకటి" అంది.

చాలాసేపటి తర్వాత విజిల్ వినిపించింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. అన్ని వేల మంది ఉండీ ఏ చప్పుడూ లేదు.

తొమ్మిదక్క లేచి నిలబడింది. "పెనాల్టీ."

"మనకా, వాళ్ళకా?"

"మనకే. వాళ్ళకైతే మనవాళ్ళు ఈలలేసి చంపేవాళ్ళు."

మా జట్టులో పెనాల్టీలు ఎప్పుడూ ఆమెవే. టోర్నమెంటులో మూడు వస్తే మూడూ కొట్టింది. ఆ సిమెంటు నేల మీద, టబ్బుకూ తలుపుకూ మధ్య ఉన్న కాస్త జాగాలో, ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. ఒంటిని కొంచెం ఎడమకు ఒంచింది. కుడికాలి మడమ లేచింది. ఊపిరి బిగబట్టింది.

పైన విజిల్.

కుడి వైపు నుంచి ఒకే గొంతుతో "అయ్యో" అని వినిపించింది. కప్పు నుంచి సున్నం పొడి రాలి టబ్బు నీళ్ళలో పడింది. ఆమె కాలు ఇంకా గాల్లోనే ఉంది. దించడానికి కాసేపు పట్టింది.

ఆట అయిపోయాక ఒక్కొక్కరే వచ్చి చొక్కాలు టబ్బులో పడేసి పోయారు. అందరికంటే చివర ఆరక్క వచ్చింది. మొదటి సగంలో వేసుకున్నది మార్చి, రెండో సగంలో ఆ నిగనిగల చొక్కాయే వేసుకుంది. చొక్కా విప్పి పడేయకుండా చేతిలోనే నలుపుతూ నిలబడింది.

"పైకి కొట్టేశాను అక్కా" అంది. "ఎవరూ ముందుకు రాలేదు. నేనే తీసుకున్నా. నీ బదులు కొడదామని... పైకి పోయింది."

తొమ్మిదక్క లేచి దగ్గరికి వెళ్ళింది. ఏమంటుందోనని నాకు భయం వేసింది. ఆరక్క గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి కనుబొమ్మ చూసింది.

"కుట్టు ఒకటి తెగింది. డాక్టరమ్మ దగ్గరికి పద. నీళ్ళు తగలనివ్వకు" అంది.

ఇద్దరూ వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ తొమ్మిదక్క తన ఫైనల్ చొక్కా బల్ల మీద పెట్టింది. మడత కూడా చెదరలేదు.

వారం తర్వాత టోర్నమెంటు నివేదిక పుస్తకం వచ్చింది. తొమ్మిదో నంబరు: గోల్స్ పదకొండు, రికార్డు సమానం, ఎల్లో కార్డులు రెండు. ఆరో నంబరు: ఎల్లో కార్డు ఒకటి. చివర చిన్న అక్షరాల్లో, సెమీఫైనల్ రిఫరీ ఒకరిని చూసి మరొకరనుకున్నారనే ఆరోపణ వచ్చిందని, అది రుజువు కాలేదని, రిఫరీని తదుపరి మ్యాచ్ నుంచి తప్పించారని రాశారు. నేను ఆ పేజీ చాలాసార్లు చదివాను. నాన్నకు మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

కానీ ఆ సాయంత్రం ఇంకా అవేమీ రాలేదు. అందరూ వెళ్ళాక నేను టబ్బు దగ్గర కూర్చుని కిట్ జాబితా తీశాను. ప్రతి మ్యాచ్ తర్వాతా నింపాలి. మైదానంలోకి వెళ్ళిన చొక్కాకు టిక్కు, వెళ్ళని చొక్కాకు సున్నా. ఒకటి టిక్కు. రెండు టిక్కు. ఆరు దగ్గర టిక్కు పెట్టాను. తొమ్మిదికి ఎదురుగా సున్నా పెట్టాను. పెట్టాక, చేయి ఊరుకోక, ఆ తొమ్మిది కింద చిన్న గీత గీశాను.